చైనావాళ్లకు ఇంగ్లీషు ‘థింక్’ ఎలా నేర్పాలి?

నమస్తే అండీ. మాండరిన్ బాగా వచ్చినవాళ్లు, చైనాలో ఇంగ్లీషు చెప్పినవాళ్లు ఉంటే కాస్త సాయం చేయండి. చెంగ్డూలో ఉన్న కొందరు ఉద్యోగస్తులకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతున్నాను.

మాండరిన్‌లో ‘షియాంగ్’ అనే ఒక్క మాటే ఆలోచించడానికీ, కావాలనుకోవడానికీ, ఎవరి మీదైనా బెంగపడడానికీ వస్తుంది. అందుకే ‘ఐ యామ్ థింకింగ్ యూ’ అనేస్తారు. అది దిద్దడం తేలికే. అసలు చిక్కు ‘యీవెయ్’తో. అనుకున్నది తప్పని తేలినప్పుడు దాన్ని వాడతారు. ఇంగ్లీషులో ‘ఐ థాట్’ తప్పుకీ ఒప్పుకీ పనికొస్తుంది, తేడా చాలాసార్లు ఒత్తి పలకడంలోనే ఉంటుంది. మరి రాతలో ఎలా చూపించాలి?

ఇంకోటి, ‘ఐ థింక్ హి వోంట్ కమ్’ అంటారు, మనం ‘రాడనుకుంటా’ అన్నట్టే. ‘ఐ డోంట్ థింక్ హి విల్’ అనడం మనవాళ్లకే ఓ పట్టాన అలవాటు కాదు, వాళ్లకేం చెప్పను!

‘థింక్ ట్వైస్’ మాత్రం సులువుగా ఎక్కింది. ఏ పనికైనా ముందు మూడుసార్లు ఆలోచించే ఓ మంత్రి గురించి విని, రెండుసార్లు చాలు అన్నాడట కన్ఫ్యూషియస్. ఆ కథ వాళ్లకు తెలిసిందే. కానీ ‘ఆన్ సెకండ్ థాట్’ అన్నా అదే అర్థం అనుకుంటున్నారు. మనసు మార్చుకోవడం అని పట్టించడానికి, అలాగే ‘స్లీప్ ఆన్ ఇట్’కి (ఓ రాత్రి గడిచాక నిర్ణయించుకోవడం), వాళ్ల భాషలో దగ్గరి మాటలేమైనా ఉన్నాయా?