జబ్బు లేనోళ్లకి ఏలికపాము పరీక్ష ఎందుకు?

కావలి కుర్రోడు: మా పిన్ని కొడుకు కాలేజీలో ఎలర్జీ పరిశోధన జరగతా ఉంది. ఆరోగ్యంగా ఉండే పిల్లకాయల్ని పిలిచి ముంజేతి మీద ఏలికపాము రసం వేసి గుచ్చుతారంట. జబ్బు లేనోడి మీద ఎందుకు?

ఒంగోలు ల్యాబ్: బాగున్నోళ్లు ఎలా స్పందిస్తారో తెలియకపోతే జబ్బున్నోళ్ల దద్దురుకి అర్థం ఉండదు తమ్ముడూ. చుక్క వేసి దాని మీదుగా లాన్సెట్ అనే చిన్న సూదిమొనతో పైపైన గుచ్చుతారు, అంతే. పోల్చుకోడానికి పక్కనే ఒకచోట దద్దురు తెప్పించే హిస్టమిన్, ఇంకోచోట దద్దురు రాని ఉప్పునీళ్లు. 15-20 నిమిషాలు ఆగి స్కేలు పెట్టి ఉబ్బు కొలుస్తారు. ఉప్పునీళ్ల చోటుకంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. అంటే ఇప్పుడు కడుపులో పాములున్నట్టు కాదు. దుమ్ములో ఉండే పురుగులంటే ఎలర్జీ ఉన్నా పాజిటివ్ రావచ్చు, రెండింట్లో ఒకే రకం ప్రోటీన్లుంటాయి.

కోవూరు రైతు: రసం దేన్నించి తీస్తారు సామీ?

ఒంగోలు ల్యాబ్: ఎక్కువగా పంది కడుపులో ఉండే ఏలికపాము నుంచి. మనిషిలో ఉండేదానికి చాలా దగ్గరది. శుద్ధి చేసే వాడతారు.

కోవూరు రైతు: పంది! ఇంకేం చెప్పబాక.

పెన్న ఒడ్డు: మా అక్కకి ఒక క్లినిక్‌లో పెన్సిలిన్ సూదేస్తే ఊపిరాడలా. ఎలర్జీ ముదిరితే వెంటనే వేసే అడ్రినలిన్ సూది లేదన్నారు. పెద్దాసుపత్రికి తీసకపోయేలోపు మా ప్రాణాలు పోయినాయి.

ఒంగోలు ల్యాబ్: అది కండకి వేసే సూది, ఇది చర్మం మీద గుచ్చు. దానికీ దీనికీ పోలికేంటి?

పెన్న ఒడ్డు: ఊపిరాడనోళ్లకి ఈ తేడాలన్నీ ఎందుకయ్యా? అడ్రినలిన్ పక్కన పెట్టుకుంటారా లేదా?

ఒంగోలు ల్యాబ్: పెట్టుకోవాల్సిందే. కాదన్నానా?

ఉదయగిరి: ఏటా ఫిబ్రవరి 10న బళ్లో పాముల మాత్ర ఆల్బెండజోల్ మింగిస్తా ఉండారు కదా, ఇంకా ఏలికపాములేంది?

ఒంగోలు ల్యాబ్: మాత్ర పాముల్ని చంపుద్ది, ఎలర్జీని కాదు. చదవకుండా రాయొద్దు. సైన్సంటే మనోళ్లకి ఇంత భయం దేనికో!

కావలి కుర్రోడు: భయం సూదికి కాదన్నా. పేర్లు రాసుకుంది వాడికి ఇంటర్నల్ మార్కులేసే సారు! 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేది) పరిశోధనకి హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టలా?

ఒంగోలు ల్యాబ్: అక్కడ మైనరు పిల్లలు. మీవాడు మేజరు. చదువుకునే రోజుల్లో నేనూ చెయ్యిచ్చా.

పెన్న ఒడ్డు: అడిగింది ఎవరు? మీ సారేగా?

ఒంగోలు ల్యాబ్: అయితే ఏంటి? విద్యార్థుల మీద ఒత్తిడి ఉండకూడదని వైద్య పరిశోధనలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. సమ్మతి ఫారం తెలుగులో అడగమను. ఎప్పుడైనా మానుకోవచ్చని అందులో రాసుంటుంది.

కావలి కుర్రోడు: మానుకుంటే ఇంటర్నల్స్ నువ్వేస్తావా?