గాలివాన తరువాత మిద్దె మీది డిష్‌కు సిగ్నల్ పోయింది: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – తిరుపతి, ఎం.ఆర్.పల్లె నుంచి

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంది. ఆరేళ్లుగా దానితో ఏ ఇబ్బందీ రాలేదు. మొన్న రాత్రి గాలివాన కురుస్తుండగా బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయింది. వాన వెలిస్తే అదే వస్తుందిలే అనుకున్నాము కానీ, రెండు రోజులుగా ఎండ కాస్తున్నా తెర మీద ‘నో సిగ్నల్’ అన్న మాట తప్ప మరేమీ కనిపించడం లేదు. మా మామగారికి చూపు మందగించినందువల్ల పత్రిక చదవలేరు. సాయంత్రం సప్తగిరి ఛానెల్‌లో వార్తలు వినడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. డిష్ బిగించే అతనిని అడిగితే వారం తరువాతే వీలవుతుందన్నాడు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి తానే డిష్ తిప్పి చూస్తానంటున్నాడు. తిప్పవచ్చునా? కొండ వైపు ఏదైనా అడ్డం వచ్చి సిగ్నల్ ఆగిందేమోనన్న అనుమానం కూడా ఉంది.

జవాబు – తిరుచానూరు నుంచి

మాకు కిందటి ఏప్రిల్‌లో ఇలాగే ఛానెళ్లు పోతే, బాక్సులో ఆటో సెర్చ్ చేయగానే తిరిగి వచ్చాయి. మీరూ అదే చేసి చూడండి.

జవాబు – తిరుపతి, కొర్లగుంట నుంచి (డిష్‌లు బిగించే పనిలో ఉన్నాను)

అమ్మా, దయచేసి ఇప్పుడే డిష్ తిప్పనివ్వకండి, ఆటో సెర్చ్ కూడా చేయకండి. తిరుచానూరు వారు చెప్పినది వారి విషయంలో సరైనదే. ఛానెళ్ల స్థానాలను ఏటా వేలం వేస్తారు కనుక ఏప్రిల్ మొదట్లో కొన్ని ఛానెళ్లు ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరొక దానికి మారుతుంటాయి. అప్పుడు కొన్ని పోయి కొన్ని మిగులుతాయి, వెతికితే దొరుకుతాయి. మీకు అన్నీ ఒకేసారి పోయాయి. సిగ్నలే లేని వేళ సెర్చ్ చేస్తే, చాలా బాక్సులు ఉన్న ఛానెళ్ల జాబితాను కూడా తుడిచేస్తాయి. ఆ తరువాత సిగ్నల్ వచ్చినా తెర ఖాళీగానే ఉండి, లోపం ఎక్కడ ఉందో తెలియక ఇంకా తికమక పడతారు.

ముందుగా కింద హాల్లోనే కూర్చుని బాక్సు మెనూలో సిగ్నల్ చూపించే పేజీ తెరవండి. అక్కడ రెండు గీతలు ఉంటాయి: ఒకటి స్ట్రెంత్, రెండవది క్వాలిటీ. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం పని అయినట్లే. గొడుగు ముందు కడ్డీకి బిగించిన ఎల్.ఎన్.బి. అనే పరికరానికి బాక్సు నుంచే అదే వైరు ద్వారా 13 లేదా 18 వోల్టుల కరెంటు పైకి వెళుతుంది. ఆ కరెంటుతో పనిచేసే ఎల్.ఎన్.బి., డిష్ గోడ వైపు తిరిగి ఉన్నా సరే, ఎంతో కొంత రొదను కిందికి పంపుతూనే ఉంటుంది. స్ట్రెంత్ గీత చూపేది ముఖ్యంగా దానినే. అందువల్ల స్ట్రెంత్ బాగా ఉండి క్వాలిటీ సున్నా అయితే వైరూ ఎల్.ఎన్.బి.యీ పనిచేస్తున్నాయని, డిష్ దిశ మారిందని లేదా ఎదుట ఏదో అడ్డం వచ్చిందని భావించవచ్చు. రెండూ సున్నాకు పడిపోతే డిష్ జోలికి పోనవసరం లేదు. వైరునో, కనెక్టర్లనో, ఎల్.ఎన్.బి.నో అనుమానించాలి. అంకెలు ఒక్కొక్క బాక్సులో ఒక్కొక్క విధంగా ఉంటాయి కనుక ఇతరుల ఇంటి అంకెతో పోల్చుకోకండి.

కొండ గురించిన అనుమానం వదిలేయండి. తిరుమల కొండలు మనకు ఉత్తరాన ఉన్నాయి. ఫ్రీ డిష్ ఛానెళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, సుమత్రా దీవికి పడమరగా సముద్రం మీద నిలిచి ఉంటుంది. తిరుపతి నుంచి చూస్తే అది దాదాపు సరిగ్గా ఆగ్నేయ మూలన, నేల నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే నడినెత్తికి దగ్గరగానే అన్నమాట. (శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్నా, మూడు టన్నులు దాటిన ఆ ఉపగ్రహాన్ని 2015 నవంబరు 11న ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్-5 రాకెట్ మీద పంపారు.) అంత ఎత్తులో ఉన్న దానికి అడ్డం రావాలంటే, డిష్‌కు ఆగ్నేయాన పది అడుగుల దూరంలో ఉన్న గోడ డిష్ కన్నా 23 అడుగులకు మించి ఎత్తు ఉండాలి. చెట్టు కొమ్మ అయితే వేరు: గాలి వీచినప్పుడల్లా బొమ్మ పోయి వస్తుంటే పక్కింటి కొబ్బరి మట్టను చూడాలి.

ఆ రెండు అంకెలూ రాసి పంపండి. అబ్బాయిని పైకి పంపవలసి వస్తే మిద్దె పూర్తిగా ఆరిన తరువాత, ఉరుములు లేని వేళ, పెద్దవారు ఎవరైనా తోడుండగా పంపండి. డిష్ పిట్టగోడ అంచున ఉన్నా, దగ్గరలో కరెంటు తీగలు ఉన్నా పంపనే వద్దు. వారం ఆగడమే మేలు.

ప్రశ్న అడిగినవారు

డిష్ పిట్టగోడకు దూరంగా మిద్దె నడుమ ఉంది, దగ్గరలో కరెంటు తీగలు లేవు. స్ట్రెంత్ 0, క్వాలిటీ 0 చూపిస్తోంది.

కొర్లగుంట నుంచి

అయితే వైరు సంగతి చూద్దాము. మొదట బాక్సు ప్లగ్గు గోడ నుంచి తీసివేయండి. కనెక్టర్ విప్పుతున్నప్పుడు మధ్య తీగ బయటి అంచుకు తగిలితే బాక్సులో ఆ కరెంటు ఇచ్చే భాగం దెబ్బతినవచ్చు. తరువాత బాక్సు వెనుక కనెక్టర్, ఎల్.ఎన్.బి. దగ్గరి కనెక్టర్ విప్పి చూడండి. మధ్య రాగి తీగ ఆకుపచ్చగా మారినా నల్లబడినా నీరు చేరిందని అర్థం. వైరు చుట్టూ ఉండే సన్నని జాలిలో ఒక్క పోగు మధ్య తీగకు తగిలి ఉన్నా చాలు, అంతా ఆగిపోతుంది. రెండు చివరలూ శుభ్రంగా ఉంటే, నడుమ ఎక్కడైనా వైరును అతికి టేపు చుట్టారేమో దారి పొడుగునా వెతకండి. నేను చూసిన వాన తరువాతి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ టేపు కిందనే దొరికాయి. మన ఎండలకు టేపు జిగురు కరిగి వదులవుతుంది, వాన నీరు లోపలికి దిగి జాలి వెంబడి మీటర్ల దూరం పాకుతుంది.

అతుకు దొరికితే దాని మీద మళ్లీ టేపు చుట్టి సరిపెట్టవద్దు. తడిసిన ముక్క కోసివేసి, వీలైతే బాక్సు దాకా కొత్తగా ఒకే ఆర్.జి.-6 వైరు (డిష్‌లకు వాడే రకం) అతుకు లేకుండా లాగండి. కనెక్టర్ అంచు దాటి మధ్య తీగ రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉండాలి. ఎల్.ఎన్.బి. దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి కట్టండి. నీరు కనెక్టర్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గర బొట్టుగా రాలిపోతుంది.

చిత్తూరు నుంచి

ఈ సందర్భంలో ఒక సందేహం. మా ఇంటి మీద పాత కడ్డీల యాంటెన్నా ఇంకా నిలిచే ఉంది. దానిని టీవీకి తగిలిస్తే దూరదర్శన్ వస్తుందా?

కొర్లగుంట నుంచి

రాదండీ. నేల మీది టవర్ల నుంచి వచ్చే ఆ పాత అనలాగ్ ప్రసారాలను దేశమంతటా దశలవారీగా ఆపివేశారు. 2022 నాటికి కొన్ని సరిహద్దు ప్రాంతాలలో తప్ప ముగిశాయి. ఆ కడ్డీలను దించివేస్తే పిడుగుల భయమైనా తగ్గుతుంది. గొట్టం గట్టిగా ఉంటే దానికే డిష్ బిగించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్లే పిట్టగోడ దగ్గర టేపు చుట్టిన అతుకు దొరికింది. విప్పితే లోపల నీళ్లు, తీగ పచ్చగా పొడిపొడిగా ఉంది. కొత్త వైరు వేయించాము. ఇప్పుడు స్ట్రెంత్ 78 వచ్చింది కానీ క్వాలిటీ సున్నానే. అడిగితే మా అబ్బాయి ఒప్పుకున్నాడు: మొదటి రోజే నాకు చెప్పకుండా పైకి వెళ్లి డిష్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పాడట.

కొర్లగుంట నుంచి

బాబును కోప్పడకండి, ఈ విషయం చెప్పినందువల్లనే మనకు దారి తెలిసింది. మీకు రెండు లోపాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ముందుగా డిష్ బిగించిన గొట్టం నిటారుగా ఉందో లేదో దారానికి బరువు కట్టి వేలాడదీసి రెండు వైపుల నుంచి చూడండి. గొట్టం ఒరిగి ఉంటే ఎంత తిప్పినా సిగ్నల్ దొరకదు. తరువాత ఫోనులో దిక్సూచి తెరిచి, ఇనుముకు కొంచెం దూరంగా నిలబడి, ఉత్తరం నుంచి కుడివైపుగా 133 డిగ్రీలు చూసుకోండి, డిష్ తిరిగి ఉండవలసిన వైపు అదే. (చిత్తూరులో అయితే 132.) డిష్ ముఖం 67 డిగ్రీలు పైకి ఎత్తి ఉండాలని మాత్రం అనుకోవద్దు. ఈ చిన్న డిష్‌ల ఆకారం వల్ల, ముఖం చూసే దిశకన్నా ఇరవై ఇరవై అయిదు డిగ్రీలు పైనుంచి వచ్చే సిగ్నల్ ఎల్.ఎన్.బి. మీద పడుతుంది. బాబు ఎత్తు బోల్టులు వదులు చేయకుండా పక్కలకు మాత్రమే తిప్పి ఉంటే ఎత్తును అసలు ముట్టుకోవద్దు. ఇది అడిగి తెలుసుకోండి, చాలా ముఖ్యం.

పక్కలకు తిప్పే బోల్టులను డిష్ కదిలీ కదలనంత వదులు చేసి, అంచు వద్ద అర సెంటీమీటరు చొప్పున జరుపుతూ, ప్రతిసారీ అయిదారు సెకన్లు ఆగాలి. రెండడుగుల డిష్‌కు చూపు మూడు డిగ్రీల వెడల్పే ఉంటుంది. బాక్సు అంకెను మార్చడానికి కొంత సమయం తీసుకుంటుంది. చకచకా తిప్పేవారు సిగ్నల్‌ను దాటిపోయి వెతుకుతూనే ఉంటారు. కింద మీరు అంకె చదువుతూ ఫోనులో చెప్పండి. క్వాలిటీ పెరిగి మళ్లీ తగ్గే చోటు దాకా వెళ్లి, ఆ రెండు హద్దులకూ నడుమన ఆపి, బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒకే బోల్టును పూర్తిగా బిగిస్తే డిష్ మళ్లీ పక్కకు లాగుతుంది.

ప్రశ్న అడిగినవారు

నలభై నిమిషాలు పట్టింది. ఎత్తు బోల్టులు ముట్టుకోలేదని అబ్బాయి చెప్పాడు. గొట్టం కొంచెం ఒరిగి ఉంటే పచ్చర్లు కొట్టి నిటారు చేశాము. క్వాలిటీ 64 దగ్గర నిలిచింది, అన్ని ఛానెళ్లూ వచ్చాయి. మామగారు ఏడు గంటల వార్తలు విన్నారు. మీకు ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఇక ముందు వాన పడినప్పుడల్లా పైకి పరుగెత్తాలా?

కొర్లగుంట నుంచి

అవసరం లేదమ్మా. కుండపోతగా కురిసినప్పుడు వాన చుక్కలే ఈ తరంగాలను మింగివేస్తాయి, వెలిసిన కొద్దిసేపటికి బొమ్మ తనంతట తానే వస్తుంది. అలాగే మార్చి నడుమ, సెప్టెంబరు చివర కొన్ని రోజులపాటు ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. కొద్ది నిమిషాలు బొమ్మ చెదిరినా ఏమీ చేయవద్దు. ఆ 64 అంకెను బాక్సు అడుగున రాసి పెట్టుకోండి. గొట్టం మీద, డిష్‌ను గొట్టానికి బిగించే పట్టీ మీద కలిసేలా రంగుతో ఒక గీత గీయించండి. కోతులు వేలాడినా గాలి తోసినా, ఆ గీత రెండుగా విడిపోయిందో లేదో చూస్తే డిష్ కదిలిందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర రంగు ఉంది. రేపు పొద్దున అబ్బాయి చేతనే గీయిస్తాను.