తెలుగు యాప్‌కి ఏ కోడ్ పెట్టాలి: టీఈ చాలా, టీఈ-ఐఎన్ కావాలా, రాష్ట్రానికొకటా?

పంటలెక్క:
రైతులు పెట్టుబడి, దిగుబడి రాసుకునే ఆండ్రాయిడ్ యాప్ ఒకటి తెలుగులోకి తెస్తున్నాం. వెబ్ వెర్షన్ కూడా ఉంది. భాష కోడ్ దగ్గర మా టీమ్‌లో మాట కుదరడం లేదు. ఉత్త టీఈ చాలని ఒకరు, దేశం కోడ్ కలిపి టీఈ-ఐఎన్ పెట్టాలని ఇంకొకరు. మూడో ఆయన టీఈ-ఏపీ, టీఈ-టీజీ అని రెండు ఫైళ్లు పెట్టి, ఒకదాంట్లో మొక్కజొన్న, వేరుశనగ, రెండోదాంట్లో మక్కలు, పల్లీలు రాద్దామంటున్నారు. మీరేమంటారు?

స్ట్రింగ్స్‌ఫైల్:
మూడోది మాత్రం వద్దండీ. భాష కోడ్ పక్కన వచ్చే రెండక్షరాలు దేశానివి, రాష్ట్రానివి కావు. దేశాల కోడ్ల ప్రమాణమైన ఐఎస్ఓ 3166లో టీజీ అంటే టోగో, పశ్చిమ ఆఫ్రికా దేశం. టీఈ-టీజీ అంటే టోగోలో వాడే తెలుగు అని అర్థం. ఏపీ అనేది ఏ దేశానికీ కేటాయించని కోడ్ కాబట్టి టీఈ-ఏపీ చెల్లదు. 2024 నుంచి తెలంగాణ బండ్ల నంబర్ ప్లేట్ల మీద టీజీ వస్తోందని ఇక్కడా అదే పెడితే కుదరదు.

ఇంకో జాగ్రత్త. భాష ఉండాల్సిన చోట ఐఎన్ పెడితే అది ఇండియా కాదు, ఇండోనేషియన్ భాషకు పాత కోడ్. 1989లోనే దాన్ని ఐడీగా మార్చారు. జావా ప్రోగ్రామింగ్ భాష మాత్రం 17వ వెర్షన్ దాకా పాతదాన్నే వాడింది. ఆండ్రాయిడ్‌లో యాప్ మాటలు ఉండే వాల్యూస్-ఐఎన్ ఫోల్డర్ అంటే ఇండోనేషియన్. తెలుగు వాక్యాలు అందులో పడితే జకార్తాలో ఫోన్లకు తెలుగు, మన రైతుకు ఇంగ్లిష్ కనిపిస్తాయి.

లక్షకామా:
టోగో సంగతి ఒప్పుకుంటా. కానీ ఐఎన్ ఉండాల్సిందే. ఇది డబ్బు లెక్కల యాప్. రూపాయి గుర్తు, లక్షల దగ్గర కామా దేశాన్ని బట్టి వచ్చేవి. ఈఎన్-యూఎస్ 1,234,567 అని చూపిస్తే, ఈఎన్-ఐఎన్ 12,34,567 అని చూపిస్తుంది. లినక్స్‌లోనూ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) పేరు టీఈ_ఐఎన్ అనే ఉంది.

డల్లాస్‌నుంచి:
నాలాంటి వాళ్లకి దీనివల్లే ఇబ్బంది. నా ఫోన్ భాష తెలుగు, ప్రాంతం అమెరికా. పొలం నాన్న చూసుకుంటారు, లెక్కలు నేను ఇక్కడి నుంచి రాస్తాను. నా ఫోన్ అడిగేది టీఈ-యూఎస్. వెబ్‌లో మామూలుగా చేసేది, కుడివైపు నుంచి ఒక్కో ముక్క తీసేస్తూ వెతకడం. టీఈ-యూఎస్ లేదు, టీఈ ఉందా? ఉంటే తెలుగు వస్తుంది. మీ దగ్గర టీఈ-ఐఎన్ ఒక్కటే ఉంటే వెతుకులాట అక్కడితో ఆగి ఇంగ్లిష్ వస్తుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి మాత్రం టీఈ దొరక్కపోతే టీఈ-ఐఎన్‌ని కూడా చూస్తోంది. అంతకుముందు ఫోన్లలో అదీ లేదు.

కామాలంటారా, యూనికోడ్ వాళ్లు ఏ భాషలో అంకెలు, తేదీలు ఎలా రాయాలో పోగుచేసిన సీఎల్‌డీఆర్ డేటాలో ఉత్త టీఈకే లక్షల కామా ఉంది. టీఈ అంటే తెలుగు లిపి, ఇండియా అనే లెక్క. ఇంగ్లిష్ చాలా దేశాల్లో చాలా రకాలుగా నడుస్తుంది, అందుకే దానికి దేశం కోడ్ అవసరం. ఇక రూపాయిని భాష కోడ్‌తో ముడిపెట్టకండి. నేను డల్లాస్‌లో ఉన్నానని నాన్న కొన్న యూరియా ఖర్చు డాలర్లలో చూపిస్తే ఎలా? కరెన్సీని డేటాతోపాటే విడిగా దాచండి.

లక్షకామా:
కరెన్సీ విషయంలో మీరన్నదే సరి. కానీ మాటతో ఎంట్రీ పెట్టాలంటే స్పీచ్ సర్వీసులు టీఈ-ఐఎన్ అనే అడుగుతాయి.

స్ట్రింగ్స్‌ఫైల్:
వాటికి పంపేటప్పుడు ఐఎన్ కలిపితే సరిపోతుంది. అనువాదం ఫైలుకి టీఈ చాలు. అవసరం లేనిది తగిలించకుండా కోడ్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సలహా కూడా.

ఓరుగల్లు:
అన్నా, కోడ్ చెల్లదని చెప్పి మా మాటనే పక్కకు పెడుతున్నారు. ఎప్పుడూ ఇదే వరస. ప్రామాణికం అని ఒక్క ఫైల్ పెడతారు, మా అమ్మ అందులో మక్కల కోసం వెతుక్కోవాలి. కోడ్ లేకపోతే తెచ్చుకుందాం. లివర్‌పూల్ ఇంగ్లిష్‌కు ఈఎన్-స్కౌస్ అని ఇంటర్నెట్ కోడ్లను నమోదు చేసే ఐయానా దగ్గర నమోదైన కోడ్ ఉంది. స్లొవేనియన్‌లో రెసియన్ మాండలికానికీ ఉంది. కోట్ల మంది మాట్లాడే తెలుగుకు ఎందుకు ఉండకూడదు?

స్ట్రింగ్స్‌ఫైల్:
ఉండాలి. మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా. ఫారం నింపి పంపితే మెయిలింగ్ లిస్టులో రెండు వారాలు చర్చకు పెడతారు. ఆ మాండలికం గురించి అచ్చైన రచనలు ఆధారంగా చూపించాలి. ఈలోగా ఎక్స్ పెట్టి సొంత కోడ్ వాడుకోవచ్చు. ఒక్కో ముక్కకు ఎనిమిది అక్షరాలే పరిమితి, తెలంగాణకు ఇంగ్లిష్‌లో తొమ్మిది. కాబట్టి పూర్తి పేరు చెల్లదు, టీఈ-ఎక్స్-టీజీ చెల్లుతుంది. ఎక్స్ తర్వాత టీజీకి టోగో అనే అర్థం ఉండదు. కానీ ఏ ఫోనూ ఆ కోడ్‌ని తనంతట తాను అడగదు, యాప్‌లోనే సెట్టింగ్ ఇవ్వాలి.

ఆదిలాబాద్‌వాసి:
తెలంగాణ మాట అంటే ఏ జిల్లాది? నల్గొండ మాట, మా మాట ఒకటి కాదు. ఫారం రాసేముందు అది తేల్చుకోండి. ఇంకో విషయం. మా దగ్గర గోండు రైతులు చాలామంది ఉన్నారు. తెలుగు లిపిలో రాశామని గోండీని టీఈ ఫైల్లో కలపకండి. గోండీకి జీఓఎన్ ఉంది, ఆదిలాబాద్ గోండీకి డబ్ల్యూఎస్‌జీ విడిగా ఉంది. తెలుగు లిపిలో అయితే డబ్ల్యూఎస్‌జీ-టెలు. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, దాంతో రాస్తే అది వేరే ఫైలు. కోయకు కేఎఫ్ఎఫ్, లంబాడీకి ఎల్ఎమ్ఎన్.

పంటలెక్క:
మొదటి విడుదలకి టీఈ ఖాయం. పంటల పేర్లని అనువాదం ఫైల్లోంచి తీసి విడి జాబితాగా పెడతాం, మక్కలన్నా మొక్కజొన్నన్నా ఒకే పంట దొరికేలా. గోండీకి కోడ్ ఇప్పుడే కేటాయిస్తాం, అనువాదం చేసేవాళ్లు కావాలి.

ఓరుగల్లు:
పంటల పేర్లకు అది పనికొస్తుంది. బటన్ల మీది మాటలకు, మెసేజ్‌లకు పనికిరాదు. ఫారం నేను మొదలుపెడతా. ఆదిలాబాద్ అన్నా, ముసాయిదా ముందు మీకే పంపుతా.