సస్కాచెవాన్‌లోని చిన్న ఊరికి మారబోతున్నాం, అక్కడ ఉన్నవారి సలహా కావాలి

అందరికీ నమస్కారం. నా భార్యకు నర్సుగా ఉద్యోగం రావడంతో, ఏడేళ్ల మా పాపతో కలిసి వచ్చే అక్టోబరులో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ నుంచి కెనడా ప్రెయిరీ మైదానాల్లోని రోజ్‌టౌన్‌కు మారుతున్నాము. సస్కటూన్ నగరానికి నైరుతి దిక్కున, 7వ నంబరు హైవే మీద సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, గోధుమ, కనోలా (నూనెగింజల పంట), మసూర్ పొలాల నడుమ ఉన్న ఈ ఊరి జనాభా మూడు వేల లోపే.

జనవరిలో ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు చలి మైనస్ 30 డిగ్రీలు దాటింది. ఇంటి యజమాని కారు ముందు భాగం నుంచి వేలాడుతున్న వైరును గోడకున్న ప్లగ్గులో పెట్టి, రాత్రంతా ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే ఆ హీటరు లేకపోతే తెల్లవారి కారు కదలదని చెప్పారు. నా భార్యకు రాత్రి డ్యూటీలుంటాయి కనుక నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు దీని గురించే.

మంచు తుపానుకు హైవే మూసేస్తే ఎన్నాళ్లకు సరిపడా సరుకులు, మందులు ఇంట్లో ఉంచుకోవాలి? ప్రత్యేక వైద్యం కోసం ప్రతిసారీ సస్కటూన్ వెళ్లవలసిందేనా? అన్నిటికంటే ముఖ్యంగా, తరతరాలుగా ఒకరినొకరు ఎరిగిన ఆ ఊరివారితో కలిసిపోవడానికి మేమే చొరవ తీసుకుని ఇరుగుపొరుగు తలుపు తట్టడం మర్యాదేనా, లేక పిలుపు కోసం ఆగాలా? అలాంటి ఊళ్లలో పిల్లలను పెంచినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.