‘నెడతెగక’నా, ‘ఎడతెగక’నా? వ్యాధి పేరు కోసం ఒక పద్యం

గుణుపురం సభ్యుడు:
అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల ఊళ్ల ఆశా కార్యకర్తల కోసం ప్రజారోగ్యపు మాటలతో చిన్న తెలుగు పుస్తకం సిద్ధం చేస్తున్నాను. ఒక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి వదలకుండా ఉండే వ్యాధిని, అంటే ఎండెమిక్ అనేదాన్ని, ‘స్థానిక వ్యాధి’ అని రాస్తే, ‘అయితే ఇది మన ఊళ్లోనే పుట్టిందా?’ అని ఒకావిడ అడిగారు. సుమతీ శతకంలో ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పద్యంలోని ఏరు గుర్తుకు వచ్చి, ‘ఎప్పుడు నెడతెగక పారు నేరును ద్విజుడున్’ అనే రెండో పాదంలో ‘నెడతెగక’ దగ్గర ఆగిపోయాను. అసలు మాట ‘నెడతెగక’నా, ‘ఎడతెగక’నా? ‘ఎడతెగని వ్యాధి’ అంటే అర్థం నిలుస్తుందా?

పర్లాకిమిడి మాస్టారు:
మాట ‘ఎడతెగక’ మాత్రమే. ‘ఎప్పుడున్’ చివరి ద్రుతం, అంటే పదాంతపు నకారం, పక్కనున్న అచ్చుతో కలిసి ‘నె’ అయింది. ‘పారు నేరు’లోని నకారమూ అటువంటిదే. కందంలో రెండో పాదపు నాలుగో గణం ‘నేరును’ కనుక, ‘ఏరు’లోని ఏకారానికీ ‘ఎప్పుడు’లోని ఎకారానికీ యతి చెల్లింది. చిన్నప్పుడు బడిలో ‘నెడ’ అంటే ఏమిటో తెలియకుండానే వల్లించిన తరం మాది.

బరంపురం సభ్యురాలు:
మాస్టారూ, ఆ రెండు నకారాలను ఒకే గాటన కట్టకూడదు. ‘పారు నేరు’లో ఉన్నది ద్రుతం కాదు, నుగాగమం, అంటే రెండు పదాల నడుమ కొత్తగా వచ్చి చేరే నకారం. ‘పారు’ లాంటి, స్వభావాన్ని చెప్పే ఉకారాంత తద్ధర్మార్థక విశేషణానికి అచ్చు పరమైనప్పుడు వచ్చేది అదే. ఇక ‘ఎడ’ అంటే నడిమి జాగా, విరామం అని అర్థం ఉంది కాబట్టి, ‘ఎడతెగని’ అంటే నడుమ తెంపు లేనిది అవుతుంది. గుణుపురం వారికి కావలసింది ఇదే.

రాయగడ సభ్యుడు:
మాట అందంగా ఉంది గాని నాకు అభ్యంతరం ఉంది. నేను చాలా ఏళ్లు మలేరియా స్లైడ్లు చూశాను. వేలి కొన నుంచి తీసిన రక్తపు బొట్టును గాజు పలకపై గుండ్రంగా పూసి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, పరాన్నజీవి చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. వానలు పడ్డాక అటువంటి ఉంగరాలు రోజూ కనిపించేవి. ఎండాకాలంలో ఎన్నో స్లైడ్లకు ఒకటి. మన్యం జ్వరం ఎడతెగక ఉంటుందంటే, ఏడాది పొడుగునా ఒకే తీరున ఉంటుందని వినేవాళ్లు అనుకోరా? ఆ ఊరికి, ఆ కాలానికి అలవాటైన లెక్కను మించినప్పుడే అది ఎపిడెమిక్ అవుతుంది. అసలు మలేరియా ఎరుగని ఊళ్లో నలుగురైదుగురికి వచ్చినా ఆ పేరే పెట్టవలసి రావచ్చు.

గుణుపురం సభ్యుడు:
వేసవిలో మా వంశధార ఇసుక మధ్య సన్నని పాయగా మిగులుతుంది, అయినా ఏరు తెగిందని ఎవరూ అనరు. పద్యంలో ఉన్నది ‘నిండుగా పారు’ కాదు, ‘ఎడతెగక పారు’. అలవాటైన పారుదల ఎండెమిక్, గట్లు దాటిన వరద ఎపిడెమిక్ అని చెబితే మా ఊళ్లలో ఎవరికైనా అర్థమవుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
ఈ పోలిక నాకు నచ్చింది. మా ఊరి బడిలో పంతులుగా ఉండి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు ఈ చర్చలో ఉంటే, మన పదాన్ని పక్కన పెట్టి, కొండమీది తల్లులు ఈ జ్వరాన్ని ఏమంటారో ముందు వినమనేవారని నా నమ్మకం. నకారం సంగతికి వస్తే, ‘పారు నేరు’లోనిది నుగాగమమని ఒప్పుకుంటాను, ‘ఎప్పుడు నెడతెగక’లో మాత్రం ద్రుతమే.

బరంపురం సభ్యురాలు:
అయితే వరదకు ‘మహమ్మారి’ అని పెడతారా? ఇక్కడి ఒడియా బోర్డులు చదివే మా పిల్లలు ‘మహామారి’ అని దీర్ఘంతో రాస్తున్నారు. సంస్కృతంలో అదే సరైనది, అయితే తెలుగు నోట హకారం కురచై మకారం ఒత్తింది. పైగా 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను పాండెమిక్, అంటే దేశదేశాలకు పాకిన వ్యాధి, అన్నప్పటి నుంచి పత్రికలు ఆ మాటను దానికే వాడుతున్నాయి. ఒక్క ఊరి వరదకు అది చాలా పెద్ద మాట.

రాయగడ సభ్యుడు:
నాకు వరద కంటే ఏరు ఆగడమే ముఖ్యమనిపిస్తుంది. మశూచి భూమి మీద లేదని 1980లో ప్రకటించారు. అక్కడ ఏరు నిజంగా తెగింది. కుష్ఠు విషయంలో పదివేల మందికి ఒక్క కేసు కంటే తగ్గితే చాలని లెక్క పెట్టుకున్నారు, మన దేశం 2005 చివరికి దాన్ని అందుకుంది. రెండింటినీ తెలుగులో ‘నిర్మూలన’ అనే రాస్తున్నాం. సన్నని పాయ ఇంకా పారుతూనే ఉండగా నిర్మూలన అయిందని చదివినవాడు మచ్చ కనిపించినా పరీక్షకు వస్తాడా? మీ పుస్తకంలో వీటికి రెండు వేర్వేరు మాటలు ఉండాలి.

గుణుపురం సభ్యుడు:
రెండో మాట నాకు తట్టడం లేదు. ‘ఎడతెగింది’ అంటే మశూచికి సరిపోతుంది, మరి కుష్ఠుకు?

బరంపురం సభ్యురాలు:
‘ఎడతెగింది’ అనకండి. ‘ఎడ’కు దూరం అనే అర్థమూ ఉంది కదా, ‘ఎడమైంది’ అని చూడండి.

పర్లాకిమిడి మాస్టారు:
‘ఎడమైంది’ అంటే దూరంగా జరిగిందని అర్థం, తగ్గిందని కాదు. దీనికి నేను ఒప్పుకోలేను. రేపు నిఘంటువు తీసి రాస్తాను.