బీఎస్-4, బీఎస్-6 టిప్పర్లకు ఒకే ఇంజిన్ ఆయిల్ డ్రమ్ము సరిపోతుందా?

క్వారీ_బండ్లు:
మావి చీమకుర్తి గ్రానైట్ క్వారీలో తిరిగే బండ్లు. బీఎస్-4 టిప్పర్లు రెండు, కొత్తగా కొన్న బీఎస్-6 ఒకటి, ఒక బ్యాక్‌హో. ఇన్నాళ్లూ సీఐ-4 ప్లస్ అనే గ్రేడు 15డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ డ్రమ్ము తెచ్చి అన్నిటికీ వాడాం. కొత్త బండి మాన్యువల్లో సీకే-4 అనే వేరే గ్రేడు పోయమని ఉంది. మా మేస్త్రి "రెండూ 15డబ్ల్యూ-40నే కదా, పోసేద్దాం" అంటున్నాడు. ఏమంటారు?

పాత_మెకానిక్:
మీ మేస్త్రి చెప్పింది కరెక్టే. దుమ్ములో, లోడు మీద నలిగే ఇంజిన్‌కి టీబీఎన్ గట్టిగా ఉండాలి. అంటే ఆయిల్లో ఆమ్లాన్ని విరిచే సత్తా. సీఐ-4 ప్లస్‌లో అది మామూలుగా ఎక్కువే ఉంటుంది. ఈ కొత్త పేర్లన్నీ రేటు పెంచడానికే.

ఫ్లీట్_సూపర్‌వైజర్:
అన్నా, మీరు మెచ్చుకుంటున్న ఆ టీబీఎన్‌తోనే కొత్త బండికి ఇబ్బంది. అది వచ్చేది కాల్షియం, మెగ్నీషియం కలిసిన డిటర్జెంట్ల వల్ల. సిలిండర్లో ఆయిల్ కొద్దికొద్దిగా కాలుతూనే ఉంటుంది కదా, అప్పుడు ఈ లోహాలు బూడిదై సైలెన్సర్ వైపున్న డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్లో చేరతాయి. ఫిల్టర్ వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకునే రీజనరేషన్‌లో మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. ఫిల్టర్ విప్పి క్లీన్ చేయించాల్సిందే. అందుకే సీకే-4లో బూడిద 1 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. సీఐ-4 ప్లస్‌లో సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. 15డబ్ల్యూ-40 అన్నది చిక్కదనం లెక్క మాత్రమే, లోపల ఏ మందు కలిపారో అది చెప్పదు.

ఇంకోటి, బీఎస్-3 డీజిల్లో గంధకం 350 పీపీఎం దాకా ఉండేది. బీఎస్-4లో 50కి వచ్చింది, 2020 ఏప్రిల్ నుంచి 10కి దిగింది. గంధకం కాలితే ఆమ్లం పుడుతుంది, అది తగ్గాక ఆమ్లమూ తగ్గింది. ఇంకా అంత టీబీఎన్ ఎందుకు?

పాత_మెకానిక్:
సరే, కొత్త బండికి సీకే-4 పోయమనండి. పాత రెండింటికీ ఆ ఖర్చు దేనికి? రెండు డ్రమ్ములు పెట్టుకుంటే పోలా!

టిప్పర్_ఓనర్:
పెట్టుకోవచ్చు, కానీ రాత్రి షిఫ్టులో టాప్ అప్ చేసేది ఎవరు? క్లీనర్. చేతికి ఏ క్యాన్ దొరికితే అదే పోస్తాడు. సీఐ-4 ప్లస్ అడిగిన పాత ఇంజిన్‌లో సీకే-4 పోయొచ్చు, కొత్తదాంట్లో పాతది పోయకూడదు. నేనైతే ఒకటే డ్రమ్ము, అదీ సీకే-4. లీటరుకు పడే తేడా కంటే డీపీఎఫ్ బిల్లు పెద్దది. కాకపోతే క్వారీలో కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చకండి. బండి లోడింగ్ దగ్గర స్టార్టింగ్‌లోనే నిలబడుతుంది, కిలోమీటర్లు పడవు, ఆయిల్ మాత్రం అరుగుతుంది. ఇంజిన్ గంటలు చూడండి.

క్వారీ_బండ్లు:
మరి బ్యాక్‌హోకి?

ఫ్లీట్_సూపర్‌వైజర్:
దాని ఇంజిన్‌కి మాన్యువల్ ఒప్పుకుంటే ఇదే పోయండి. యాక్సిల్ జోలికి మాత్రం ఈ డ్రమ్ము తేవద్దు. లోపల బ్రేకులు ఆయిల్లో మునిగి ఉంటే దానికి వేరే ఆయిల్ ఉంటుంది. మామూలు 90 గేర్ ఆయిల్ పోసినా బ్రేకు కొట్టగానే కీచుమంటుంది. హైడ్రాలిక్ ట్యాంకుకీ మాన్యువల్లో రాసిన గ్రేడే.

పాత_మెకానిక్:
ఇంత గొడవెందుకు, వారంటీ అయ్యాక డీపీఎఫ్ పీకేస్తే ఏ ఆయిలైనా నడుస్తుంది.

టిప్పర్_ఓనర్:
పీకితే సెన్సర్లు ఊరుకోవు అన్నా, ఎర్రర్ వచ్చి పవర్ కట్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ మార్చి నోరు మూయించినా అది చట్టవిరుద్ధమే. ఆ సలహా ఇక్కడ వద్దు.