ఎంట్రన్స్ ర్యాంకు కోసం ఇంటర్ హాస్టల్లోనే చదవాలా?

కావలి అమ్మ:
మా అమ్మాయికి టెన్త్ అయిపోయింది. ఎంపీసీ తీసుకుంటానంటోంది. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ రాయాలని దాని పట్టుదల. మా వారు నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చేద్దామంటున్నారు. నాకేమో కావలిలోనే డే స్కాలర్‌గా చదివించుకోవాలని ఉంది. బంధువులంతా ఇంట్లో ఉంటే ర్యాంకు రాదని భయపెడుతున్నారు. నిజమేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆత్మకూరు అన్న:
పంపించమ్మా, ఆలోచించొద్దు. మావాడిని పంపాం. ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాడి చేతిలోంచి ఫోన్ లాక్కోవడమే మాకు పెద్ద పని. పెళ్లిళ్లు, తిరునాళ్లు, వచ్చేపోయే చుట్టాలు సరేసరి. హాస్టల్లో అయితే స్టడీ అవర్లో కూర్చోవాల్సిందే. చుట్టూ అందరూ చదువుతుంటే వీడూ పుస్తకం తీశాడు.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
అమ్మా, నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. హాస్టల్ పిల్లలకూ చెప్పాను, డే స్కాలర్లకూ చెప్పాను. ర్యాంకు తెచ్చేది హాస్టలూ కాదు, ఇల్లూ కాదు. చేసిన తప్పులు దిద్దుకునే టైమ్ ఎక్కడ దొరికితే అక్కడ ర్యాంకు వస్తుంది.

ముందు ఆ రెండు పరీక్షలూ ఒకటి కాదని అమ్మాయికి తెలియాలి. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో లెక్కలే 80. నెగెటివ్ మార్కుల్లేవు. ప్రశ్నకు నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లే దొరుకుతాయి కాబట్టి చేతి వేగం కావాలి. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలు. రైటయితే 4 మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. అక్కడ ఏ ప్రశ్న వదిలెయ్యాలో తెలిసినవాళ్లే గట్టెక్కుతారు. పైగా మన ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. బోర్డు పరీక్షల సంగతి ఫిబ్రవరిలో చూసుకుందాంలే అనే కాలేజీని నేను నమ్మను.

ఇప్పుడు ఒక్క తప్పు దగ్గరగా చూడండి. డెఫినిట్ ఇంటిగ్రల్ లెక్క. పిల్ల సబ్‌స్టిట్యూషన్ సరిగ్గానే పెట్టింది, ఎక్స్ పోయి టీ వచ్చింది, లిమిట్లు, అంటే కిందా పైనా రాసే విలువలు మాత్రం టీకి మార్చకుండా ఎక్స్‌వే ఉంచేసింది. ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో కనిపిస్తుంది, పేపరు సెట్ చేసేవాళ్లు కావాలనే పెడతారు. కాబట్టి ధైర్యంగా టిక్కు పెట్టేసింది. ఇది ఆదివారం టెస్టులో జరిగింది. సోమవారం పొద్దున్నే కొత్త చాప్టర్, సాయంత్రానికి కొత్త మెటీరియల్. మరి ఆ లిమిట్లు ఎందుకు మార్చలేదో ఆ పిల్ల ఎప్పుడు కూర్చుని చూసుకోవాలి? చూసుకోకపోతే వచ్చే నెల మళ్లీ అక్కడే పడుతుంది. తప్పులకు వేరే నోట్‌బుక్ పెట్టించి, వారానికి ఒక పూట కొత్తదేదీ ముట్టకుండా దాంతోనే కూర్చోబెట్టండి. తెల్లారకముందు మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లలో ఆ ఒక్క పూట దొరకడం లేదు. నా బాధంతా అదే.

బీటెక్ సెకండియర్:
నేను హాస్టల్లో చదివినదాన్నే, ఏ కాలేజీ అన్నది వద్దులెండి. మొదట పై సెక్షన్‌లో వేశారు. రెండు టెస్టుల్లో మార్కులు తగ్గగానే కిందికి దించారు. పై సెక్షన్‌కి చెప్పే సార్లు మా సెక్షన్‌కి రారు, ఫీజు మాత్రం ఒకటే. నిద్ర చాలక ఫిజిక్స్ క్లాసులో ఏం రాసుకున్నానో నాకే అర్థమయ్యేది కాదు. అయితే రాత్రిళ్లు రూమ్మేట్లం ఒకరికొకరం డౌట్లు చెప్పుకునేవాళ్లం. కెమిస్ట్రీ నాకు అట్లానే వచ్చింది.

చీమకుర్తి నుంచి ఒక తల్లి:
మాస్టారూ, మీరు చెప్పేది చదువుకున్న ఇళ్లకు సరిపోతుంది. మాది ఒక్క గది ఇల్లు. నేనూ మా ఆయనా గ్రానైట్ పనికి పోతాం. పిల్లకి డౌట్ వస్తే చెప్పేవాళ్లు మా వీధిలోనే లేరు. మీరన్న నోట్‌బుక్ పెట్టినా దాన్ని చూసేదెవరు? మాకు హాస్టలంటే బల్ల, లైటు, మూడు పూటలా తిండి.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
మీ పరిస్థితిలో హాస్టలే సరి తల్లీ, అందులో అనుమానం లేదు. పాపకు పదిలో మంచి మార్కులుంటే ఒంగోలు ట్రిపుల్‌ఐటీకి కూడా అప్లై చేయించండి. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటిస్తారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు డిప్రివేషన్ స్కోరు పేరుతో అదనపు మార్కులు కలుపుతారు. తెలుగు మీడియం అయితే జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ ఇస్తున్నారు, అప్లికేషన్‌లోనే భాష ఎంచుకోవాలి. పాత పేపర్లు ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కావలి అమ్మా, నెల్లూరు కాలేజీకి వెళ్తే ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి రావద్దు. మా పాప సెక్షన్‌కి ఏ సారు చెప్తారు, టెస్టు పేపరు మళ్లీ చేతికిస్తారా, రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారు అని అడగండి. జవాబు తిన్నగా రాకపోతే కావలే మేలు.

ఆత్మకూరు అన్న:
సెక్షన్ల సంగతి నిజమే సార్, మావాడి విషయంలో నేనూ వెళ్లి పోట్లాడాను. కానీ ఫోన్ సంగతి మీరెవరూ తేల్చలేదు. ఇంట్లో ఉండే పిల్ల మీరు చెప్పిన ఆ పాత పేపర్లు కూడా ఫోన్లోనే చూడాలి. చేతికిచ్చాక పేపరు దగ్గరే ఎట్టా ఆపుతాం? ఇద్దరూ పనికి పోయే ఇంట్లో దాన్ని కనిపెట్టుకుని ఉండేదెవరు? దీనికి దారి చూపించండి, కావలిలోనే ఉంచమని నేనూ అంటా.